గేరు పడలేదంటే గేరుబాక్సే విప్పాలా?



ఈసారి పురుగు గురించి కాదు, పురుగు పంటను మార్కెట్టుకు మోసే బండి గురించి రాస్తా ఉన్నాను. చింతామణి, శ్రీనివాసపురం వైపు గానీ, హోసూరు, డెంకణికోట వైపు గానీ మన పట్టు రైతుల దగ్గర ఉండేవి బొలెరో పికప్పు, దోస్తు, టాటా ఏస్ ఇలాంటి బండ్లే. దాదాపు అన్నీ చేత్తో గేరు వేసేవే. ఈ బండ్లలో ఎక్కువగా వినపడే కష్టం ఒకటి ఉంది: "గేరు పడటం లేదు." ఈ మాట అన్న వెంటనే కొన్ని గ్యారేజీల్లో వచ్చే జవాబు కూడా ఒకటే: "గేరుబాక్సు దించి చూడాల." దించితే రెండు రోజులు బండి పడుకుంటాది, కూలి, సామాను కలిపి వేలల్లో పోతాది. చాలాసార్లు ఆ జబ్బు గేరుబాక్సులో ఉండనే ఉండదు. అది ఎక్కడ ఉందో ఇంటి ముందరే పది నిమిషాల్లో తెలుసుకునే పద్ధతి ఉంది. దాని గురించే ఈ పాఠం.

మనకు ఇది ఎందుకు అంత ముఖ్యమో వేరే చెప్పనక్కర లేదు. క్రాస్ బ్రీడు గూళ్లు చంద్రిక ఎక్కిన 5, 6 రోజులకు, బైవోల్టీను అయితే 7, 8 రోజులకు విడిపిస్తాం. విడిపించినాక గూడు మన కోసం ఆగదు. లోపల ప్యూపా బతికే ఉంటాది, రోజు రోజుకీ తూకం తగ్గుతాది. సంచుల్లో కుక్కి పెడితే వేడెక్కి చెమట పడతాది. ఇంకా ఆలస్యమైతే చిలక గూడు పొడుచుకుని బయటికి వచ్చేస్తాది, ఆ గూడు రీలరుకు పనికి రాదు. కాబట్టి లోడు ఎత్తే రోజు తెల్లవారుజామున గేరు మొరాయిస్తే, ఆ రోజు పోయేది మెకానిక్కు డబ్బు ఒక్కటే కాదు. పండు పురుగులను చంద్రికకు ఎక్కించిన మర్నాడు మన చేతికి కొంచెం ఖాళీ దొరుకుతుంది కదా, ఆ రోజే బండిని చూసుకోండి. అప్పుడైతే ఏదైనా పని బయటపడినా చేయించడానికి నాలుగైదు రోజులు చేతిలో ఉంటాయి.

*ముందు అర్థం కావాల్సిన మాట ఒక్కటే*

ఇంజను తిరుగుడును గేరుబాక్సు నుంచి విడదీసేది క్లచ్చు. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు అది పూర్తిగా విడిపోవాల. అరకొరగా విడిపోతే గేరుబాక్సు లోపలికి పోయే షాఫ్టు తిరుగుతూనే ఉంటాది. రాట్నం తిరుగుతా ఉంటే తెగిన దారం ముడి వేయగలమా? ఇదీ అంతే. తిరిగే పళ్లలోకి ఆగిన పళ్లు కలవాలంటే గర్రుమంటాది, లేదా అసలు పడనే పడదు. చేతికి మాత్రం "గేరు గట్టిగా ఉంది" అనే అనిపిస్తాది. జబ్బు కాలి కింద ఉంటే, నొప్పి చేతికి తెలుస్తుందన్న మాట. అందుకే మొదట చేయాల్సిన పని క్లచ్చు తప్పా, గేరు తప్పా అని విడగొట్టడం.

*మొదటి పరీక్ష: ఇంజను ఆపి*

బండిని సమమైన చోట నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజను ఆపి, క్లచ్చు తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి, రివర్సు కూడా. ఏదైనా ఒక గేరు పన్నుకు పన్ను అడ్డం పడి రాకపోతే బండిని ఒక అడుగు తోసి మళ్లీ వేయండి, అది జబ్బు కాదు. ఇప్పుడు ఇంజను వేసి, నిలబడిన చోటే మళ్లీ అన్నీ వేసి చూడండి.

ఇంజను ఆపినప్పుడు అన్నీ వెన్నలా పడి, ఇంజను తిరిగేటప్పుడు మాత్రం గట్టిగా ఉంటే, తప్పు క్లచ్చు వైపే. ఇంజను ఆపినా వేసినా ఒకే మాదిరి గట్టిగా ఉంటే, తప్పు గేరు లివరు, దాని కేబులు, లింకేజీ, లేదా గేరుబాక్సు లోపల. ఈ ఒక్క పరీక్ష మీద మీ వేల రూపాయలు ఆధారపడి ఉన్నాయి కాబట్టి తొందరపడకుండా రెండు సార్లు చేయండి.

*రెండోది: రివర్సు పరీక్ష*

చాలా బండ్లలో రివర్సు గేరుకు సింక్రో రింగు ఉండదు. అంటే తిరిగే షాఫ్టును ఆపి కలిపే సాయం దానికి లేదు. అందుకే క్లచ్చు సంగతి చెప్పడానికి దాన్ని మించిన సాక్షి లేదు. ఇంజను నిదానంగా తిరుగుతుండగా క్లచ్చు పూర్తిగా తొక్కి, 4 లేదా 5 సెకన్లు ఆగి, అప్పుడు రివర్సు వేయండి. శబ్దం లేకుండా పడితే క్లచ్చు బాగా విడదీస్తోంది. అంతసేపు ఆగినా గర్రుమంటే క్లచ్చు విడదీయడం లేదు. ఆగకుండా వెంటనే వేస్తే మంచి బండి కూడా గర్రుమంటాది, దానికి భయపడొద్దు.

*మూడోది: పెడలు పంపు కొట్టడం*

క్లచ్చు వైపే తప్పని తేలితే, పెడలును గబగబా మూడు నాలుగు సార్లు తొక్కి, ఆఖరిసారి అట్లే పట్టుకుని గేరు వేయండి. ఇప్పుడు సులభంగా పడిందా? అయితే క్లచ్చు ఆయిలు లైనులో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండరులోనో స్లేవ్ సిలిండరులోనో వాషరు పోయింది. బానెట్టు ఎత్తి ఆయిలు డబ్బాలో మట్టం చూడండి. తర్వాత గేరుబాక్సు పక్కన ఉండే స్లేవ్ సిలిండరు రబ్బరు టోపీ కొంచెం లాగి చూడండి. లోపల తడిగా ఉంటే దొంగ దొరికినట్టే. క్యాబిన్ లోపల పెడలు పైన గోడకు తడి మరక ఉంటే మాస్టర్ సిలిండరు.

మా పక్క ఊరి రైతు ఒకాయనకు ఇదే జరిగింది. టౌనులో ఒక గ్యారేజీలో సింక్రోలన్నీ పోయాయి, గేరుబాక్సు విప్పాల అన్నారు. ఆయన అడ్వాన్సు ఇవ్వకుండా బండిని ఇంటికి తెచ్చుకుని ఈ మూడు పరీక్షలూ చేశాడు. ఇంజను ఆపితే ఐదు గేర్లూ పడ్డాయి, పంపు కొడితే ఇంజను మీద కూడా పడ్డాయి. స్లేవ్ సిలిండరు మార్చి, గాలి తీసేసరికి బండి బాగైంది. పని వందల్లో, ముందు చెప్పిన అంచనా వేలల్లో.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ డబ్బాలో పోసేది బ్రేకు ఆయిలు. డాట్ 3 నా, డాట్ 4 నా అనేది మూత మీదే రాసి ఉంటాది. దారిలో దొరకలేదని ఇంజను ఆయిలో, గేరు ఆయిలో పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి మొత్తం చెడిపోతాది. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్చుకూ ఒకే డబ్బా. అట్లాంటి బండిలో ఆయిలు తగ్గుతోందంటే బ్రేకు కూడా ప్రమాదంలో ఉందని అర్థం, దాన్ని నడపొద్దు.

కేబులు క్లచ్చు ఉండే చిన్న బండ్లలో గాలి గొడవ లేదు. అక్కడ కేబులు సాగిందా, చివర పోగులు తెగాయా, పెడలు ఖాళీ ఆట ఎంత ఉందో చూడాల. ఆట ఎక్కువైతే క్లచ్చు పూర్తిగా విడిపోదు, అసలు లేకపోతే క్లచ్చు జారుతాది. ఎంత ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటాది.

వీటన్నిటికంటే ముందు పెడలు కింద చూడండి! ఇది నవ్వులాట కాదు. కాలి కింద వేసిన మందం పట్ట మడత పడి, పెడలు అడుగుదాకా పోకపోతే కూడా ఇవే లక్షణాలు. మన బండ్లలో మల్బరీ పుల్లలు, ఖాళీ సంచులు, తాడు ముక్కలు అన్నీ అక్కడే చేరతాయి.

*మన పనికే ప్రత్యేకమైన ఒక కారణం*

మన బండి 20, 25 రోజులు ఊరికే నిలబడి, తర్వాత ఒక్కసారిగా లోడుకు పోతుంది. వానల్లో అట్లా నిలబడితే క్లచ్చు ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుంటాది. నిన్నటిదాకా బాగున్న బండి, ఈ రోజు క్లచ్చు తొక్కినా అసలు విడిపోదు. దీనికి మందు కంటే ముందు జాగ్రత్తే సులభం: వారానికి ఒకసారైనా రెండు మూడు కిలోమీటర్లు తిప్పండి.

ఇంకొకటి, బ్లీచింగు. పురుగుల ఇంటిని శుద్ధి చేసేటప్పుడు బండి తొట్టి మీద కూడా బ్లీచింగు నీళ్లు చల్లుతాం. రోగం రాకుండా అది మంచిదే, కానీ క్లోరిను ఇనుమును తింటాది. ఆ నీళ్లు కిందికి కారి గేరు లింకేజీ కీళ్లలో, కేబులు చివర్లలో, హ్యాండు బ్రేకు తాడులో చేరితే ఆరు నెలల్లో అన్నీ పట్టేస్తాయి. చల్లిన అరగంటకు మంచి నీళ్లతో కింది భాగం కూడా బాగా కడగండి, ఎండినాక కీళ్లకు గ్రీసు పెట్టండి.

*ఇంజను ఆపినా గేరు గట్టిగా ఉంటే*

ఇప్పుడు గేరుబాక్సు వైపుకు వద్దాం. లివరు నుంచి గేరుబాక్సుకు కేబులు ఉన్న బండి అయితే, గేరుబాక్సు దగ్గర కేబులు చివర విడదీసి, అక్కడి చిన్న చెయ్యిని మీ చేత్తోనే కదపండి. అది సులభంగా కదిలితే గేరుబాక్సు బాగుంది, జబ్బు కేబులులో. అది కూడా గట్టిగా ఉంటేనే లోపల తప్పు. బండి కింద పడుకునే పని ఏది చేసినా ఇంజను ఆపి, చల్లారినాక చేయాల. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకు దూరొద్దు.

పొద్దున చలిలో మాత్రం గట్టిగా ఉండి, ఐదారు కిలోమీటర్లు పోయినాక సరిపోతే గేరు ఆయిలును అనుమానించండి. మట్టం చూడటం కష్టం కాదు. సమమైన నేల మీద, గేరుబాక్సు పక్కన నింపే బోల్టు విప్పితే, ఆయిలు ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాల. ఆయిలు మార్చేటప్పుడు ముందు పక్క బోల్టు విప్పండి, తర్వాతే అడుగు బోల్టు. అడుగుది ముందు విప్పి ఆయిలంతా కారిపోయినాక పక్కది తుప్పుతో రాకపోతే, బండి అక్కడే నిలబడిపోతాది.

ఆయిలు రకంలో పొరపాటు చాలా జరుగుతోంది. వెనక హౌసింగుకు పోసే ఆయిలే గేరుబాక్సుకూ పోసేస్తారు. చాలా గేరుబాక్సులకు జీఎల్ 4 రకం కావాల. హౌసింగుకు వాడే జీఎల్ 5 లో కలిపే మందు ఎక్కువ, అది ఇత్తడి సింక్రో రింగులకు పడదు. పైగా రింగు పట్టుకోవాల్సిన చోట జారుతాది, గేరు పడటం నిదానమవుతాది. మీ బండి పుస్తకంలో ఏ నంబరు రాసి ఉందో అదే అడగండి. "ఏదైనా ఒకటే అన్నా" అంటే ఒప్పుకోవద్దు.

తీసిన ఆయిలును పారబోయకుండా తెల్ల గిన్నెలో పట్టి ఎండలో చూడండి. అడుగు బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి నల్ల పేస్టు మాదిరి ఉండటం మామూలే. ఆయిలులో బంగారు పొడి మెరిసినట్టు ఉంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. గోటికి తగిలే ఇనుప ముక్కలు ఉంటే మాత్రం ఇక ఆలోచించొద్దు, గేరుబాక్సు విప్పించాల్సిందే.

*ఒక్క గేరే గర్రుమంటే*

క్లచ్చు తప్పు అయితే అన్ని గేర్లకూ తెలుస్తాది. ఒక్క గేరే, అదీ 3 నుంచి 2 కు దించేటప్పుడు మాత్రమే గర్రుమని మిగతావి బాగుంటే, ఆ గేరు సింక్రో రింగు అరిగింది. లోడుతో ఎత్తులు ఎక్కే బండ్లలో 2వ గేరుకే ఇది ముందు వస్తాది. వెంటనే బండి ఆగిపోదు. పంట చేతికి వచ్చేదాకా ఇట్లా నడపొచ్చు: క్లచ్చు తొక్కి న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చు వదిలి, కొంచెం యాక్సిలేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్చు తొక్కి 2వ గేరు వేయండి. పాత లారీ డ్రైవర్లకు ఇది తెలిసిన విద్యే. గర్రుమన్నా వినకుండా తోసేస్తే మాత్రం, ఇప్పుడు రింగుతో పోయేది రేపు గేరు పళ్లదాకా పోతుంది.

వేసిన గేరు తనంతట తానే న్యూట్రలుకు వస్తుంటే అది వేరే జబ్బు. లోపల ఫోర్కు అరగడమో, గేరును పట్టి ఉంచే స్ప్రింగు నీరసించడమో, పళ్లు గుండ్రబడటమో కావచ్చు. కానీ ముందు బయట చూడండి. యాక్సిలేటరు ఇచ్చి వదిలినప్పుడు గేరు లివరు బాగా ముందుకు వెనక్కు ఊగుతోందా? అయితే ఇంజను లేదా గేరుబాక్సు మౌంటింగు రబ్బరు తెగి ఉంటాది. రబ్బరు మారిస్తే గేరు నిలబడొచ్చు. గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకుని నడిపే అలవాటు చాలామందికి ఉంది. ఆ చెయ్యి బరువే లోపల ఫోర్కును అరగదీస్తాది.

*గేరు పడుతుంది గానీ బండి లాగదు*

ఎత్తులో ఇంజను మోత పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదు, కాలిన వాసన వస్తోంది అంటే క్లచ్చు జారుతోంది. ఇంజను మోత కూడా పెరగకుండా ఊరికే లాగకపోతే అది క్లచ్చు కాదు, డీజిలు ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, టర్బో వైపు చూడాల. రూఢి చేసుకోవాలంటే సమమైన చోట, ముందర ఎవరూ లేకుండా, హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, బ్రేకు కూడా తొక్కి, పై గేరు వేసి క్లచ్చును నిదానంగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్చు పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయినట్టు. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతాది.

శబ్దాలు రెండు గుర్తు పెట్టుకోండి. పెడలు తొక్కినప్పుడు గుర్రుమని వస్తే రిలీజ్ బేరింగు. న్యూట్రలులో పెడలు వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే గేరుబాక్సు ముందరి బేరింగు. బండి కదిలేటప్పుడు కింద నుంచి ఠంగుమని ఒక్క దెబ్బ వస్తే గేరుబాక్సు కాదు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు చూడండి.

క్లచ్చు పని కోసం గేరుబాక్సు దించాల్సిందే అని తేలితే, ఒక్కసారే అంతా చూపించుకోండి. దించి ఎక్కించే కూలి ఒక్కటే కదా. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి మార్చించి, ఫ్లైవీలు ముఖం, దాని మధ్యలో ఉండే చిన్న బేరింగు, ఇంజను వెనక ఆయిలు సీలు చూడమని చెప్పండి. సీలు కారుతుంటే కొత్త ప్లేటు కూడా ఆయిలు తాగి జారుతాది. తీసిన పాత సామాను ఇంటికి ఇమ్మని ముందే అడగండి.

*క్లచ్చు పెడలు లేని పికప్పు ఉన్నవాళ్లకు*

ఇసుజు వి క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి వాటిలో ఆటోమేటిక్ గేరు రకాలు ఉన్నాయి. మన గుంపులో తక్కువే. వాటికి పైన చెప్పిన పరీక్షలు పనికి రావు. డీలో పెట్టినాక ఆలస్యంగా కదలడం, గేరు మారేటప్పుడు ఇంజను ఒక్కసారి అరిచి తర్వాత పట్టుకోవడం, తన్నినట్టు మారడం, ఇవీ అక్కడ లక్షణాలు. ముందు దాని ఆయిలు మట్టం, వాసన చూపించాల. నల్లబడి కాలిన వాసన వస్తే లోపలి క్లచ్చులు మాడినట్టు. బోర్డులో లైటు వెలిగి, ఒకే గేరులో నిలిచిపోతే, బండిలోని కంప్యూటరే గేరుబాక్సును కాపాడుకోవడానికి అట్లా చేసి ఉండొచ్చు. నీరసించిన బ్యాటరీ, వదులైన వైరు, ఒక సెన్సారు కూడా దీనికి కారణమవుతాయి. స్కానరు పెట్టి కోడు చదవకుండా విప్పనివ్వొద్దు. చెడిపోతే వెనక చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించొద్దు, మీద ఎక్కించుకుని పోవాల.

*దారి మధ్యలో క్లచ్చు పోతే*

లోడుతో పోతుండగా పెడలు ఒక్కసారిగా కిందికి పడిపోతే ముందు బ్రేకు తొక్కి చూడండి. బ్రేకు కూడా మెత్తగా ఉంటే ఇంజను బ్రేకింగుతో, హ్యాండు బ్రేకుతో నిదానంగా పక్కకు ఆపేయండి, ఇక కదపొద్దు. బ్రేకు బాగుంటే పెడలు పంపు కొట్టి పక్కన నీడ ఉన్న చోటుకు చేర్చండి. తర్వాత బండి బాగు చేయించే ఆలోచన కంటే గూళ్ల ఆలోచన ముందు చేయాల. వేరే బండికి ఫోను చేసి, అది వచ్చేలోపు సంచుల మూతులు విప్పండి. ఒకదాని మీద ఒకటి పేర్చిన సంచులను దించి విడివిడిగా నిలబెట్టండి. గంట దాటేట్టుంటే టార్పాలిను మీద నీడలో పలచగా పరిచేయండి. సంచి మధ్యలో చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా తగిలిన సంచిని అందరికంటే ముందు విప్పండి.